మీ తాతమ్మ పెట్టె చావలేదు

అన్యాయం జరిగింది మీ తాతమ్మకి. ఎప్పుడంటావా, రెండువేల పద్నాలుగు ఏప్రిల్‌లో. అప్పటికి నువ్వు ముందుపళ్ళు ఊడి బోసినోటితో తిరుగుతున్నావు, నీకేం గుర్తుంటుంది! ఆ ల్యాప్‌టాప్ అలా సంచిలో కుక్కకు, బల్లమీద పెట్టి నువ్వూ కూర్చో. షాపువాడు ఏమన్నాడో మళ్ళీ ఒకసారి చెప్పు. "దీనికి కొత్త సిస్టమ్ ఎక్కదు, పాతదాన్ని కంపెనీవాళ్ళు ఇక పట్టించుకోరు, కొత్త మెషీన్ తీసుకోండి." అదేనా? అదే. అక్షరం మారలేదు. మీ తాతమ్మతో అదే షాపులో, అదే బల్ల వెనకనుంచి, వీడి మేనమామ అన్న మాటే ఇది. మనల్ని కొత్త మెషీన్లు కొనమంటారు గానీ, పాపం, వాళ్ళు ఒక కొత్త మాట కొనుక్కోలేకపోయారు.

ఏం, నవ్వుతావేం? నవ్వు, నవ్వు. మీ అమ్మ కూడా నిన్న ఫోన్లో "అమ్మా, నువ్వు మళ్ళీ ఆ డిస్కు కథ మొదలెట్టకు" అంది. ఎందుకు మొదలెట్టకూడదు? అది కథ కాదు. మీ తాతమ్మ, అంటే మా అత్తగారు, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఎక్స్ఛేంజి రోజుల్లో ఆవిడ గొంతు నువ్వు వినాల్సింది. గిన్నెమీద గరిటతో కొట్టినట్టు ఒక్కొక్క మాటా విడివిడిగా మోగేది. ఇంట్లో కూడా అదే ధోరణి. నేను వంటింట్లోంచి ఏదైనా అడిగితే, "లైన్లో ఉండు" అని, చేతిలో పని ముగించి అప్పుడు జవాబు చెప్పేది. నాకు ఒళ్ళు మండేది. అత్తగారు అంటే మామూలుగా కోడలి మీద అరుస్తుంది, కసురుతుంది, అది వేరే సంగతి. ఈవిడ నన్ను హోల్డులో పెట్టేది!

రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలి? అంధ బాలికల హాస్టలు వార్డెనమ్మ ఎక్స్ఛేంజి రోజులనుంచీ ఆవిడకి తెలుసు. "పెద్దమ్మా, పిల్లలకి పాఠ్యపుస్తకాలు చదివిపెట్టేవాళ్ళు లేరు, మీ గొంతు రికార్డు చేసిస్తారా" అని అడిగింది. అంతే. మీ తాత ఆఫీసులో తీసేస్తుంటే తెచ్చిన పాత కంప్యూటరు ఒకటి ఉండేది, వెనక గదిలో దాన్ని పెట్టుకుని, ఒక మైకు తగిలించుకుని, కిటికీకి దుప్పటి కట్టి, పుస్తకం చదవడం మొదలెట్టింది. ఆ పెట్టె లోపలి గడియారం బ్యాటరీ ఎప్పుడో పోయింది. ఎప్పుడు ఆన్ చేసినా రెండువేల రెండు జనవరి ఒకటి అంటుంది. "దీనికి తేదీ తెలీదు, మనమే చెప్పాలి" అని, ప్రతి అధ్యాయం ముందూ నోటితో చెప్పేది: ఫలానా అధ్యాయం, చదువుతున్నది ఫలానా, తేదీ ఫలానా. అది గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తుంది.

ఆ వేసవిలో హాస్టల్లో ఒక పిల్ల లా పరీక్షకి కూర్చుంటోంది. లా పిల్ల అనేవాళ్ళం. ఆస్తి హక్కుల మీద దిండంత పుస్తకం. అది వేలితో తడిమి చదువుకునే అచ్చులో దొరకదు, ఇంకెవరూ చదివిపెట్టరు. మీ తాతమ్మ చదివితే ఆ పిల్ల పరీక్ష రాస్తుంది, చదవకపోతే ఏడాది పోయినట్టే. సరిగ్గా అప్పుడు ఈ పెట్టె మొరాయించింది. హాస్టలు పెన్‌డ్రైవ్‌తో పాటు ఏదో వైరస్ కూడా వచ్చిందట, వాక్యం మధ్యలో బిగుసుకుపోయేది. తల్లీకొడుకులు షాపుకి మోసుకెళ్ళారు. వాడు మూత కూడా విప్పలేదే అమ్మాయ్! నిలబడే తేల్చేశాడు. "అమ్మగారూ, ఇది డెడ్. ఈ నెలనుంచి ఈ సిస్టమ్‌కి కంపెనీవాళ్ళు మందు పంపరు. ఇక్కడ పడేసి వెళ్ళండి, కొత్తదానిమీద ఏదో తగ్గిస్తాను." మీ తాత తలూపేశాడు. ఆయనకి షాపులో తలూపడం అలవాటు. మీ తాతమ్మ మాత్రం, "పొద్దున నేను మాట్లాడితే విన్నది, ఇప్పుడు చచ్చిందంటావేం నాయనా? నాడి చూశావా?" అంది. వాడు నవ్వాడు. ఆ నవ్వు, అదీ అసలు అన్యాయం. ముసలావిడకి ఏం తెలుసులే అన్న నవ్వు. ఆవిడ ఆ పెట్టెని రెండు చేతులా ఎత్తుకుని, ఆటోలో పసిపిల్లని పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చింది.

ఆ పెట్టెని మళ్ళీ లేపిన డిస్కు ఎక్కడిదంటావా? లైబ్రరీలో కంప్యూటర్ పత్రిక ఒకటి వచ్చేది, దాని అట్ట లోపల అంటించి ఉంది. ఎవరూ పీకనైనా పీకలేదు. లైబ్రేరియనుగారు "తీసుకెళ్ళండమ్మా, ఇక్కడ దుమ్ము తప్ప దీన్నెవరూ వాడరు" అని పత్రికతో సహా ఇచ్చేశాడు. లినక్స్ అట, కంప్యూటరుని నడిపించే ఇంకో రకం సిస్టమ్. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి కూడా తేలిగ్గా ఉంటుంది, పాత మెషీన్లమీద నడుస్తుంది, ఎవరైనా వాడుకోవచ్చు, పదిమందికీ పంచుకోవచ్చు అని అట్టమీద రాసి ఉంది. మీ తాత ఆ అట్టని కళ్ళజోడు మీదనుంచీ కిందనుంచీ చూసి, "ఊరికే ఇచ్చేదాంట్లో ఏదో మెలిక ఉంటుందమ్మా" అన్నాడు. ఆవిడ, "నేను పుస్తకాలు ఊరికే చదివిపెడుతున్నాను. నాలో ఏం మెలిక ఉందిరా?" అంది. ఆయన పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

డిస్కు పెట్టింది. ఆ పెట్టె గుర్రుమంది, మూలిగింది, నేను టీ పెట్టుకొచ్చేదాకా ఆలోచించింది. చివరికి తెరమీద ఆకుపచ్చగా ఒక బొమ్మ, నాలుగు గుర్తులు. రికార్డు చేసేది కూడా దాంట్లోనే ఉంది! మైకు దగ్గర "హలో, హలో, లైన్ క్లియర్‌గా ఉందా" అంది. తెరమీద గొంతు పలికినట్టల్లా ఒక గీత లేచి ఆడింది. ఆవిడ మొహం చూడాల్సింది. అప్పట్నుంచి ఒకటే చదువు. మళ్ళీ ఆన్ చేస్తే అంతసేపు గుర్రుమంటుందని, పెట్టెని ఆపనే ఆపేది కాదు. టీవీలా ఉండే ఆ తెరని మాత్రం ఆర్పేది, పడుకునేది, లేచి వెలిగించేది, చదివేది.

ఇక్కడే పప్పులో కాలేసింది. తెరమీద ఒక మూల "ఇన్‌స్టాల్" అని ఒక గుర్తు ఉండేది. అది నొక్కితేనే ఆ సిస్టమ్ డిస్కులోంచి పెట్టె లోపలికి దిగి కాపురం పెడుతుంది. అంతవరకూ అది చుట్టపుచూపుగా వచ్చినట్టే. నువ్వేం చేసినా గాలిలో నిలబడి ఉంటుంది, కరెంటు తీస్తే పోతుంది. ఈవిడ నొక్కలేదు. ఎందుకో తెలుసా? షాపువాడు మొదట్లో భయపెట్టి ఉన్నాడు. "అమ్మగారూ, తెరమీద ఇన్‌స్టాల్ అన్నమాట ఎక్కడ కనబడినా నొక్కకండి, అదే వైరస్" అని. చూశావా మరి! వాడి షాపుని వదిలేసింది, వాడి మాట వదిలేసింది, వాడు పెట్టిన భయం మాత్రం వదల్లేదు. ఆ గుర్తు వైపు బాణం వెళ్తేనే చెయ్యి వెనక్కి లాక్కునేది.

ఒకరోజు అందరం పెళ్ళికి బయల్దేరాం. మీ తాత సంగతి తెలుసుగా, ఇంట్లోంచి కాలు బయట పెట్టాలంటే గదిగదికీ వెళ్ళి స్విచ్చిబోర్డులన్నీ కట్టేసి, మళ్ళీ ఒకసారి తడిమి చూస్తే గానీ తాళం వెయ్యడు. వెనక గదిలో తెర ఆరిపోయి ఉంది కదా, పెట్టె ఆగిందనుకున్నాడు. టప్. తిరిగొచ్చి ఆన్ చేస్తే మళ్ళీ అదే ఆకుపచ్చ బొమ్మ, అవే గుర్తులు, ఒక్క అధ్యాయం లేదు. సగం పుస్తకం! గొంతు బొంగురుపోయేలా చదివిన సగం పుస్తకం, ఒక్క స్విచ్చితో గాలికి పోయింది. మీ తాత బిక్కచచ్చిపోయి, ఆ బిక్కచావులోనే నోరు జారాడు: "నేను ముందే చెప్పలేదూ, కొత్తది కొందామని..." నేను ఆయన వైపు ఒక చూపు చూశాను.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుని, అంతకాలం విప్పని ఆ పత్రిక విప్పి, మొదటి పేజీనుంచి చదివింది. చదివి, "వైరస్ ఇది కాదు, వాడి మాట" అంది. "ఏమ్మా కోడలా, ఇలా రా. పక్కన కూర్చో. ఇది ఏదో అడుగుతుంది, నువ్వు పైకి చదువు, నేను నొక్కుతాను." పాత రికార్డింగులన్నీ ముందు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం, ముందు అలా చెయ్యమని పత్రికలో రాసి ఉంది కాబట్టి. తర్వాత అడిగింది: "ఈ పెట్టెలో ఉన్నదంతా తుడిచెయ్యమంటారా?" నేను ఆ మాట రెండుసార్లు చదివాను. ఆవిడ మాత్రం "తుడువు. నాలుగిళ్ళ అంట్లు తోముకున్నట్టు తోముకుని కూర్చో" అని ఆ పెట్టెతోనే చెప్పి, నొక్కింది.

మరి పుస్తకమో? మళ్ళీ మొదటినుంచి. పరీక్ష ముంచుకొస్తోంది, ఆవిడ గొంతేమో పూర్తిగా కూర్చుండిపోయింది. వార్డెనమ్మ వచ్చి "పోనీలెండి పెద్దమ్మా, ఈ ఏడాదికి..." అనబోయింది. అత్తగారికి మాట రావడం లేదుగా, వేలు చాపి నన్ను చూపించింది. నన్ను! ఏడో తరగతిలో బడి మాన్పించి పెళ్ళిదాకా పొయ్యి దగ్గర కూర్చోబెట్టిన మనిషిని. సామాన్లు కట్టుకొచ్చిన కాగితాలు కూడా వదలకుండా చదివేదాన్ని, నిజమే. కానీ లా పుస్తకమా! "నాకు నోరు తిరగదు అత్తయ్యా" అన్నాను. ఆవిడ పలకమీద రాసింది: "నాతో పోట్లాడేటప్పుడు తిరుగుతుందిగా."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది, నేను మైకు ముందుకెళ్ళాను. ఈ ఇంట్లో అంతకుముందు జరగలేదది. నాలుగు రోజులకి ఆవిడకి కొంచెం గొంతు వచ్చిందో లేదో, నా తప్పులు పట్టడం మొదలెట్టింది. 'స్వాధీనం' అన్న మాట దగ్గర నేను తడబడ్డాను. వంటింట్లోంచి కాకి అరిచినట్టు, "స్వాధీనం అనడం కూడా రాదా?" అంది. నాకు కాలింది. "మీ ఇంటికొచ్చాక నా స్వాధీనంలోకి ఏం వచ్చిందని అనడం వస్తుంది? గరిటొక్కటే వచ్చింది, అదీ ఇవాళ మీరు లాక్కున్నారు!" అన్నాను. అటునుంచి, "అయితే మైకు నీ స్వాధీనంలోనే ఉంచుకో, చదువు!" అని వినబడింది. ఆ దెబ్బలాట మొత్తం రికార్డయింది. అది ఇద్దరం గమనించలేదు, వార్డెనమ్మ పెన్‌డ్రైవ్ పట్టుకుపోయింది.

పరీక్ష అయ్యాక ఆ లా పిల్ల కర్ర తాటించుకుంటూ మన వీధిలోకి వచ్చింది. గుమ్మంలోనే, "గరిటె స్వాధీనం కేసు ఈ ఇంట్లోనేనా అండీ?" అంది. హాస్టలు హాస్టలంతా విన్నారట! స్వాధీనం మీదే పరీక్షలో ప్రశ్న వచ్చిందట. "స్వాధీనం వేరు, హక్కు వేరు, అది మీ ఇద్దరి వల్లే నా బుర్రకెక్కింది" అంది. ఆవేళ అత్తగారు లేచి వంటింట్లోకి వెళ్ళింది. గరిట తెచ్చి నా చేతిలో పెట్టి, మైకు మాత్రం తిరిగి తీసుకోలేదు. అప్పట్నుంచి ఒక అధ్యాయం ఆవిడ, ఒక అధ్యాయం నేను. నేను చదివిన చదువంతా అదే. బడివాళ్ళు ఇచ్చింది కాదు. ఆ షాపువాడు చచ్చిందన్న పెట్టె ముందు కూర్చుని సంపాదించుకున్నది.

ఆ తర్వాత వీధిలో అటకలమీద పడేసిన కంప్యూటర్లన్నీ మన వరండాలోకి వచ్చాయి. దర్జీ ఆయనది, పోస్టుమాస్టరు భార్యది, ఎవరెవరివో. నేను చదివేదాన్ని, ఆవిడ నొక్కేది. షాపువాడు ఒకనాడు ఊగిపోతూ వచ్చి, "అమ్మగారూ, మా పొట్ట కొడుతున్నారు" అన్నాడు. "కొత్తది కావాలన్నవాడికి కొత్తది అమ్ముకో నాయనా, నాకేం అడ్డం లేదు. బతికున్నదాన్ని చచ్చిందని మాత్రం చెప్పకు. నన్ను కూడా అలాగే తీసిపారేస్తారు" అంది. నవ్వుతూనే అంది. వాడు నవ్వలేదు.

ఏం చెప్తున్నాను? ఆఁ, నీ ల్యాప్‌టాప్. అదిగో, ఆకుపచ్చ బొమ్మ వచ్చింది. ఇందాక నేను పెట్టిన పెన్‌డ్రైవ్ కదపకు, ఇప్పుడు ఆ డిస్కు బదులు అదే. మూల ఏం రాసి ఉంది? నొక్కు. నొక్కమంటుంటే! మీ ఫోటోలూ అవీ కాపీ చేసుకున్నావుగా? మరింకేం. నీక్కూడా ఆ షాపువాడి మేనల్లుడు భయం పెట్టాడా? ఊఁ... అదీ. ఇక దాని మానాన దాన్ని దిగనీ.

ఆవిడ పోయింది ఎప్పుడో ఆ ఫోటో కింద ఉంది చూడు, ఫిబ్రవరి ఆరు. ఒక చరిత్ర పుస్తకం మధ్యలో పోయింది. మధ్యాహ్నం అధ్యాయం ముగించింది, సాయంత్రం ఆ కుర్చీలోనే... ఇంటినిండా చుట్టాలు. మర్నాడు నేను వెనక గది తలుపేసుకుంటే మా ఆడపడుచు తలుపు బాదింది, "వదినా, అమ్మ పోయి ఒక్కరోజు కాలేదు, ఇవాళ నీకు కంప్యూటర్ కావాల్సొచ్చిందా" అని. తలుపు తియ్యలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పని ఏముంది? ఆ పాత పెట్టె స్విచ్చి వెయ్యి. ఏం, పని చేస్తుందా అని అడుగుతావేం! వెయ్యి. గుర్రుమననీ. ఆ చివరి రెండు ఫైళ్ళు. మాట్లాడకు, విను.

"...ఇక్కడితో పదకొండో అధ్యాయం అయింది. పన్నెండో అధ్యాయం రేపు చదువుకుందాం. అందరూ లైన్లో ఉండండి."

ఇప్పుడు రెండోది.

"పన్నెండో అధ్యాయం. చదువుతున్నది కోడలు. తేదీ, ఫిబ్రవరి ఏడు, రెండువేల పదిహేడు."