టీవీకి చెప్పిన మాటలు

"గాజులోడు రాడాయె ఓ వదినా, గల్మల నిలవడి సూస్తినే వదినా... పచ్చయి తెమ్మంటి... పచ్చయి తెమ్మంటి..." ఆ పైన ఏమో ఉండె బిడ్డా, నాలుక మీదికొచ్చి పోతున్నది. చిన్నప్పుడు మా కౌడిపల్లిల నాట్లేసుకుంట పాడుతుంటిమి. మా అత్త బాలనర్సమ్మకైతే ఇసొంటియి ఎన్నో వస్తుండె, ఎక్కడ ఆగకుండ పాడేది. మీ నాయినకు నాయనమ్మ, నువ్వు సూడలే ఆమెను. ఏందే దేవికా, నేను పాడుతుంటె నవ్వుతున్నవ్? నన్ను సూసి కాదా? ఫోన్ల సూసా? ఇటు తే, జర దగ్గరికి పట్టు... అయ్యో, ఇది గా సినిమానే! సీరియళ్ళను ఎక్కిరిచ్చిన సినిమా! అగో అగో, గామె కన్నెర్ర చేసుడుతోనే ఉరిమింది సూడు, బయటేమో ఎండ కొడుతున్నది! ఇది మేము మెదక్‌ల టాకీసుల సూసినమే. నేను, మా అత్త, మీ తాత బక్కయ్య, మీ నాయిన రఘుపతి. అప్పటికి మీ నాయినకు పెండ్లి గూడ కాలె. నీకు నవ్వొస్తది గని, నేనైతే ఈ సినిమాకు దండం పెడుత. బందు చెయ్యకు. సప్పుడు తక్కువ చెయ్యి, చెప్త.

మా అత్త సన్నగ, నిలువుగ ఉంటుండె. నోరు మాత్రం గల్లీ ఆఖరు దాక ఇనపడేది. నేను కాపురానికొచ్చిన కొత్తల నాకు రొట్టె చెయ్యరాదు. జొన్నరొట్టె పెంక మీద ఏస్తుంటెనే ఇరిగిపోయేది. మా అత్త ఏం చేసేదో ఎరికేనా, ఇరిగిన ముక్కలన్నీ తన పళ్ళెంల ఏసుకొని, తాను చేసినయి నా పేరు చెప్పి అందరికి పెట్టేది. "మా యశోద చేసింది, తినుండ్రి" అని. గసొంటి మనిషి. గంత పాణం పెట్టిన మనిషి, ఒక యాడాది పొద్దు నాతోని నోరిప్పి మాట్లాడలే. అవును బిడ్డా, ఒక్క ఇంట్ల, ఒక్క పొయ్యి కాడ.

ఎందుకంటె, చదువు ఎంబడి వచ్చింది లొల్లి. మా అమ్మకు పాణం బాగలేదు, జల్ది రమ్మని కౌడిపల్లి నుంచి కబురొచ్చింది. నేను ఉరుక్కుంట బస్టాండుకు పోయిన. మీ తాత పనికి పోయి ఉండె. బస్సు మీద ఏం రాసి ఉన్నదో నాకేం తెలుస్తది? అడుగుదామంటె గాబరాల నోరు పెగల్లే. అందరు ఎక్కుతుంటె నేను గూడ ఎక్కిన. కిటికీల నుంచి సూస్తుంటె ఎంత దూరం పోయినా నాకు ఎరుకైన చెట్టు లేదు, చెరువు లేదు. ఏడుపాయల దిక్కు పోయే జాతరోళ్ళ జీపులు కనిపిచ్చినంక గని నాకు బుగులు పుట్టలే. కండక్టరును అడిగితె అల్లాదుర్గ్ బస్సమ్మా ఇది అన్నడు. దిగి, మల్ల మెదక్‌కొచ్చి, ఇంకో బస్సు పట్టుకొని పోయేసరికి... ఇగ ఏముంటది, పాణం పోయింది. మొఖం సూసిన. మాట దక్కలే. మా అమ్మ నన్ను రెండుమూడుసార్లు అడిగిందట, యశోద రాలేదా అని. ఏమన్న చెప్పాలనుకున్నదో ఏమో. సరే, ఏడ్వకు, నేనే ఏడుస్తలేను.

గప్పుడు పట్టుబట్టిన, నాకు అక్షరాలు రావాలె అని. చర్చి గేటు కాడ ఎలిశిబా టీచరమ్మ అని ఉండె, తెల్లచీర, మెత్తటి మాట. పెద్దాడోళ్ళకు పొద్దుగూకె యాళ్ళకు చదువు చెప్తుండె, పైసలు తీసుకోకుంట. ఆమెనే మా ఇంటికొచ్చింది. "అమ్మా, మీ కోడల్ని జర పంపుండ్రి, రోజుకొక అక్షరం వచ్చినా చాలమ్మా" అన్నది. మా అత్త అన్నది, "టీచరమ్మా, దీని కొడుకు మీసాలు దువ్వుకుంటున్నడు, ఇది ఓనమాలు దిద్దుతదా? రేపు నన్ను గూడ పలక పట్టుకొమ్మంటరు. చాయ తాగి పోండ్రి." నేను ఇనలే. తెల్లారి పలక కొనుక్కొని పోయిన. వచ్చేసరికి మా అత్త గోడ దిక్కు తిరిగి కూసున్నది. అంతే. ఆ పొద్దు నుంచి నాతోని మాట బందు.

మాట బందు అంటె పురాగ బందు కాదు. టీవీ ఉండె గద. గదే చెప్తున్న, నవ్వకు. రోజు సీరియల్ మొదలైతె మేమిద్దరం ఒక్క తాన్నే కూసుంటుంటిమి, ఇంట్ల ఉన్నది ఒక్కటే టీవీ మరి. మా అత్త నాకు చెప్పేది టీవీకి చెప్పేది. అండ్ల అత్త పట్టుచీర కట్టుకొని, నగలు పెట్టుకొని మెట్లు దిగుతుంటె, ఈమె టీవీ దిక్కు సూసి, "ఓ వదినే, నీ కోడలు పలక సంకల పెట్టుకొని పోయింది, నీకింత గంజి ఎవలు పోస్తరే?" అనేది. అండ్ల కోడలు పలక పట్టుకోలే బిడ్డా, ఆమె కారేసుకొని కోర్టుకు పోతున్నది! నేనేమన్న తక్కువ తిన్ననా? నేను గూడ టీవీకే చెప్తుంటి. "ఓ అమ్మా, గంజి గిన్నెల పోసే పోయిన, కండ్లుంటె మూత తీసి సూస్కొమ్మను." అంటె ఈమె, "ఉప్పెయ్యలేదని చెప్పు వదినే!" నేను, "ఉప్పు పక్కకే ఉన్నదని చెప్పమ్మా!" మీ తాత నడిమిట్ల కూసొని తల ఇటు అటు తిప్పి తిప్పి బేజారైపోయేటోడు. "ఓ తల్లులారా, వాళ్ళకు ఇనపడదే! నాకు ఇనపడుతున్నది, నాకు చెప్పుండ్రి!" అనేటోడు. పాపం, మీ తాతకు ఆకలైతున్నదన్న సంగతి ఆ టీవీకి గూడ ఎరుకలేదు.

నవ్వులాట కాదు గని, నాకు లోపల మస్తు రంధి ఉండె. మా అత్తకు దగ్గు పట్టింది, కండ్లకు పొర గూడ వచ్చింది. ఒక్కొక్క పొద్దు సూస్తె ఇంకింత చిక్కిపోతుండె. మా అమ్మ మాట ఎట్లనూ దక్కలే, ఈమె గూడ గిట్లనే గోడ దిక్కు మొఖం పెట్టుకొని పోతదా అని. పలక పక్కకు పెట్టేస్తె మాట్లాడుతుండె. పెట్టేద్దామని చెయ్యి దాక వచ్చేది. మల్ల అల్లాదుర్గ్ బస్సు యాదికొచ్చేది. ఏం చేద్దు చెప్పు? రెండు దిక్కుల గుంజుతున్నది.

గట్ల ఉన్నప్పుడు మీ నాయిన వచ్చి టికెట్లు పట్టుకొచ్చిండు. "సీరియళ్ళ మీద సినిమా అచ్చింది నాయనమ్మా, నడువుండ్రి" అన్నడు. మా అత్త సీరియల్ అన్న మాట ఇని చీర మార్చుకొచ్చి గల్మల, గడప కాడనే, నిలవడ్డది. నిజం సీరియలే పెద్దగ చేసి సూపెడుతరనుకున్నది. టాకీసుల మీ తాత మా ఇద్దరి నడిమిట్ల కూసున్నడు, ఎప్పటి లెక్కనే. మొదలైంది. ఒగడు గల్మల చెప్పులిడిసి సోఫా దాక నడుస్తున్నడు, నడుస్తున్నడు, ఇంట్ల పిల్లలు పెద్దగైతున్నరు, ఆయన ఇంకా సోఫా దాక రాలె! ఒకామె మొగడు చచ్చిపోయి ఏరే మొఖంతోని తిరిగొస్తడు, ఇంటోళ్ళంత కాళ్ళు మొక్కుతరు, ఒక్క కుక్కకే అనుమానం. జనం నవ్వుతున్నరు, ఈలలు కొడుతున్నరు. మా అత్త మాత్రం నోరు ముడుసుకొని కూసున్నది. ఆమెకు కోపమొచ్చింది. "ఆళ్ళ బాధలు ఆళ్ళకుంటె గిట్ల ఎక్కిరిస్తరారా?" అన్నది మీ తాతతోని. నాకు గూడ మనసుకు జర గుచ్చుకున్నది. మేము ఏడ్చిన ఏడుపులకు ఊరంత నవ్వుతున్నట్టు అనిపిచ్చింది.

ఇంటర్వెల్ల మీ తాత, మీ నాయిన సమోసల కోసం పోయిండ్రు, ఇగ వస్తలేరు. సినిమా మల్ల మొదలైంది. మా నడిమిట్ల కుర్సీ ఖాళీ. తెర మీద ముసలత్త మంచంల పండుకున్నది, నగలు తియ్యలే. కోడలు చెయ్యి పట్టుకొని, "నీకొక సంగతి చెప్పాలె... అది... అది..." అంటున్నది. చెప్పదు! ఉరుము, మొఖం. కోడలు మొఖం, ఉరుము. గోడ మీద బల్లి మొఖం, ఉరుము. గప్పుడు బొమ్మ కదలకుంట నిలవడ్డది, సీరియల్ ఆఖర్ల నిలవడ్డట్టు. కింద తెల్లటి అక్షరాలొచ్చినయి. టాకీసు మొత్తం గొల్లుమన్నది. ముందు వరుసల పోరగాండ్లు కుర్సీలు కొట్టుకుంట నవ్వుతున్నరు. మా అత్త అటు సూసె, ఇటు సూసె. అందరు ఎందుకు నవ్వుతున్నరో ఆమెకు తెలుస్తలేదు. కొడుకు లేడు, మనుమడు లేడు. ఆ మొఖం నాకిప్పటికీ కండ్లల్ల ఉన్నది దేవికా, జాతర్ల తప్పిపోయిన పిల్ల లెక్క. ఖాళీ కుర్సీ మీద చెయ్యేసి నా దిక్కు వంగింది. "యశోదా, ఏం రాసిండ్రే?"

నా పేరు పిలిచింది బిడ్డా. టీవీని కాదు, నన్ను పిలిచింది. నాకు ముందుగాల కండ్లల్ల నీళ్ళు తిరిగి అక్షరాలన్నీ అలుక్కపోయినయి. కొంగుతోని తుడుసుకొని పట్టుకున్న. "ఈ... మె... ఈమె. ఉ... గా... ది... ఉగాది. దా... క..." బొమ్మను నిలవెట్టిండ్రు గద, గందుకే నాకు టైం దొరికింది, లేకుంటె నాతోని ఎక్కడైతుండె. మా అత్త నా నోట్లెకే సూస్తున్నది. "చా... వ... దు." మొత్తం కలిపి చెప్పిన: "ఈమె ఉగాది దాక చావదు." అప్పటికి టాకీసుల నవ్వు ఆగిపోయింది. గా నిశ్శబ్దంల మా అత్త ఒక్కటే నవ్వు! "అవునే! మన సీరియల్ల ముసల్ది గూడ చస్తలేదు గదనే! ఎన్ని పండుగలు పోయినయి!" అని నా తొడ మీద కొట్టుకుంట నవ్వింది. నాకు గూడ ఆగలే. ముందు వరుసోళ్ళు ఎనుకకు తిరిగి మమ్మల్ని సూసి మల్ల నవ్వుడు షురూ చేసిండ్రు. మీ తాత సమోసలు పట్టుకొని వచ్చి, మేమిద్దరం ఒకరి మీద ఒకరం పడి నవ్వుతుంటె సూసి, అట్లనే దారిల నిలవడిపోయిండు. "కూసో కొడకా, అడ్డం జరుగు" అన్నది మా అత్త, ఆయనను అవతలికి పంపి నా పక్క కుర్సీల తానే కూసున్నది. ఇగ ఆఖరు దాక ఏ అక్షరమొచ్చినా, "గదేంది, గదేంది?" చదివి చదివి నా గొంతు ఆరిపోయింది.

ఆటోల ఇంటికొచ్చేటప్పుడు బయటికి సూస్తనే అన్నది, "నీకు చదువొస్తె నాతోని ముచ్చట పెట్టవనుకున్ననే. పుస్తకాలోళ్ళతోనే పెడుతవనుకున్న." ఆమె చెయ్యి నా చేతిల ఉండె. తెల్లారి పొద్దుగూకంగనే, "పో, టైమైతున్నది, టీచరమ్మ ఎదురుసూస్తది. పొయ్యి నేను సూస్కుంట" అని పలక తానే తుడిచి ఇచ్చింది. అటెనుక సీరియల్ టైము మార్చిండ్రు, చదువు టైముకే వస్తుండె. నేను వచ్చేసరికి నాకు కథంత చెప్పేది, ఆడోళ్ళ గొంతు, మొగోళ్ళ గొంతు, ఉరుముడు గూడ తానే ఉరిమేది. టీవీలకంటె మా అత్త సీరియలే మంచిగుండె. ఇయ్యాల నేను పేపర్ చదువుతున్ననంటె, మందు సీసా మీద సూసి ఏస్కుంటున్ననంటె, ఎలిశిబా టీచరమ్మ ఒక్కతి నేర్పింది కాదు. పొయ్యి కాడ కూసున్న ఆ ముసల్ది గూడ నేర్పింది.

దవఖానల పడ్డది అటెనుక. మంచిగనే అయితదన్నరు. కండ్లు పురాగ పోయినయి, టీవీ లేదు ఆడ. నన్ను చెయ్యి పట్టుకొని, "నిన్న ఏమైందే, చెప్పు" అనేది. నేను ఆమె మంచం కాన్నుంచి లేస్తె గద సీరియల్ సూసేది! అయినా చెప్తుంటి. నోటికొచ్చింది చెప్తుంటి. ఆ పొద్దు కిటికీల నుంచి ఎండ పడుతున్నది ఆమె కాళ్ళ మీద. నేను చెప్తున్న, సీరియల్ల అత్త కోడలితోని పలుకుతలేదు గద, ఇయ్యాల కోడలు పోయి ఆమె పక్కకే కూసున్నది అత్తమ్మా, ఇద్దరు ఒక్క పళ్ళెంల తిన్నరు, ఉరుము గూడ ఉరమలేదు అని. మా అత్త కండ్లు మూసుకొనే నవ్వింది. ఏమన్నదంటె... "గింత జల్ది ఏ సీరియల్ల కలిసిండ్రే అత్తకోడండ్లు? నువ్వు అల్లుతున్నవని నాకెరికే. ఆపకు పిల్లా, ఇంక జర చెప్పు."