అకౌంటెంట్ల పార్టీ

మారికుప్పం నుంచి బెంగుళూరు పోయే ఉదయం రైలులో, కిటికీ పక్కన కూర్చున్న తల్లీకూతుళ్ల మాటలివి.

"అమ్మా, ఆ విదేశం సభకు నేను రానని చెప్పేస్తాను."

"ఏమే, ఏమయింది నీకు? దేశమంతా వెతికి ముగ్గురు అకౌంటెంట్లనే ఏరినారు, అందులో నువ్వొకదానివి అంటివే!"

"నిజమే. కానీ ఆడికి పోయి లీడర్ మాదిరి నిలబడి, అన్ని దేశాలోళ్ల ముందర మాట్లాడల్ల. లెక్కలైతే ఎన్నైనా చూస్తాను, మైకు చూస్తే నాకు మాట రాదు."

"అట్లంటే ఎట్లా పాపా? మా కూతురు లీడర్ అయిందని మన ఊరు కోరమండల్ అంతా చెప్పేసినానే!"

"అయ్యో! ఏమన్నారు వాళ్లు?"

"ఏ పార్టీ అని అడిగినారు. అకౌంటెంట్ల పార్టీ అని చెప్పినాను."

"అమ్మా!"

"ఊరికే అరవద్దు. పిల్లమ్మత్త అప్పుడే వచ్చి, మన వీధిలో లైటు వేయించమనింది. సోమవారం నువ్వే మున్సిపాలిటీకి వచ్చి అడుగుతావని మాటిచ్చేసినాను."

"నేనా? ఏమని అడిగేది?"

"ఇప్పుడే నేర్చుకో. నేనే ఆఫీసర్ని అనుకో. ఊఁ, చెప్పు."

"సార్... మా వీధిలో లైటు లేదు."

"రేపు రామ్మా."

"మా అత్త చీకట్లో పడి కాలు ఇరగ్గొట్టుకునింది సార్."

"టార్చి కొనుక్కోమను. నాకు కాఫీ టైమయింది."

"కాఫీ తర్వాత తాగచ్చు! లైటు వేసేదాకా నేను ఈడ్నుంచి లేచేది లేదు!"

బోగీలో కునుకు తీస్తున్నవాళ్లు కూడా కళ్లు తెరిచి చూశారు. వెనక సీట్లో ఎవరో చప్పట్లు కొట్టారు.

"ఇంగ దీన్నే ఇంగ్లీషులో చెప్పు పాపా, చాలు."