గోల్‌కీపర్ అరచేతులు

మందుల షాపు వెనక గదిలో, అన్న కూతురి మోకాలి కోసం బాబాయి నొప్పి క్రీము కలుపుతున్నాడు. ఆ పిల్ల ఫుట్‌బాల్ టీమ్‌లో గోల్‌కీపర్.

"ఈ మందు వద్దు బాబాయ్. వాడినప్పటినుంచీ బంతి చేతిలో నిలవట్లేదు. రేపు కూడా జారిందంటే టీమ్‌లోంచి తీసేస్తారు."

"మోకాలి మందుకీ చేతులకీ ఏంటే సంబంధం? ఎలా రాస్తున్నావ్?"

"చేత్తోనే. కాలితో రాసుకుంటారా?"

"ఎప్పుడు?"

"మ్యాచ్‌కి అరగంట ముందు."

"రాశాక?"

"వెంటనే గ్లోవ్స్ వేసేసుకుంటా."

"చేతులు కడుక్కోకుండానా?"

"మళ్ళీ చెమట పడుతుందిగా, ఎందుకని..."

"ఇందులో తిమ్మిరెక్కించే మందుందే మొద్దూ! నేను మోకాలికని కొలిచి కలిపితే, గ్లోవ్స్‌లో నీ అరచేతులు తాగేస్తున్నాయి."

"అయితే మందు మార్చేస్తావా?"

"మందు ఇదే. దీంతోపాటు ఇదిగో, ఈ సబ్బు కూడా బ్యాగులో పడేసుకో."