గొంతు సూదులు

కదలకండి అత్తయ్యా! డాక్టరమ్మ మాట మర్చిపోయారా? మెడలో సూదులుండగా తల కదిలిందో, వచ్చిన కాలు కాస్తా మళ్ళీ పడిపోతుందట! నన్ను గుడ్లురిమి చూడ్డానికి కళ్ళున్నాయిగా. అవి ఏ పక్షవాతానికీ లొంగలేదు మహాతల్లీ.

ఆవిడ పక్క మంచం దగ్గరుంది లెండి. ఎవరి వీపు మీదో గాజు కప్పులు అంటిస్తోంది. ఈలోపు మనం మాట్లాడుకుందాం. మనం అంటే నేనే.

అసలు ఈ సూదుల వైద్యానికి మిమ్మల్ని ఎందుకు తెచ్చాననుకున్నారు? ప్రేమతోనా? 'ఏదో ఒకటి చేద్దామే, అమ్మని అలా చూడలేకపోతున్నా' అని మీ అబ్బాయి నా ప్రాణం తోడేశాడు. చైనా వైద్యమట, సూదులట, ఆకుల పొగట! దీంతో ఏమవుతుందిలే, తృప్తి ఆయనకి, పోట్లు ఈవిడకి అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను. మొదటిరోజు మీ మోకాలి కింద సూది దిగుతుంటే కళ్ళారా చూద్దామని నిలబడ్డాను. ఏం లాభం? మీకు చీమ కుట్టినట్టయినా లేదు!

తీరా చూస్తే పనిచేసి కూర్చుంది. ఆసుపత్రివాళ్ళు నేర్పిన కసరత్తు వల్లో, ఈ సూదుల వల్లో, దేవుడికే తెలియాలి. ముందు మీకు కంటినిండా నిద్ర పట్టింది. తర్వాత బిగుసుకుపోయిన వేళ్ళు విచ్చుకున్నాయి. కాలు కింద మోపారు. అబద్ధమెందుకు, సంతోషించాను. మిమ్మల్ని లేవనెత్తలేక నా నడుము విరిగిపోతుండేది.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది!

డాక్టరమ్మకి ఆశ పుట్టింది. 'ఇక మాట తెప్పిద్దాం' అని గడ్డం కింద, చెవి వెనక, మెడ మీద మొదలుపెట్టింది. మొన్న జావ తాగిస్తుంటే మీ మీద నాలుగు చుక్కలు ఒలికాయి. మూతి వంకర్లు తిరిగింది, గొంతులో ఏదో గురగురలాడింది. ఇన్ని నెలలకి మొట్టమొదటి మాట! ఏమన్నారు? 'దరిద్రపుదానా!'

కొడుకు పేరు రాలేదు, దేవుడి పేరు రాలేదు. నేను వచ్చాను నోట్లోకి.

నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందంటారు. మీది మాత్రం ఎప్పుడూ నా వైపే తిరిగింది. మా అమ్మ పోయిందని ఫోనొచ్చిన రోజు గుర్తుందా? నేను నేల మీద కూలబడిపోయాను. మీరు కంచంలోంచి తలెత్తకుండా 'పోనీలే, ఇక పుట్టింటి పరుగులు తప్పాయి' అన్నారు. అని, మంచినీళ్ళు పొయ్యమన్నారు. పోశాను కూడా, ఏడుస్తూ పోశాను.

మీ నోరు పడిపోయాక ఆ వంటింట్లో మొదటిసారి పాడుకుంటూ కూర తరిగాను. అది మళ్ళీ పోగొట్టుకుంటానా? ఛస్తే పోగొట్టుకోను.

ఇదిగో, వస్తోంది. మీరలాగే ఉండండి.

డాక్టరమ్మా, మా అత్తయ్య ఈ మెడ సూదులకి హడలిపోతున్నారండీ. నిద్రలో ఉలిక్కిపడి లేస్తున్నారు. కాళ్ళకీ చేతులకీ చాలండి, గొంతు జోలికి వద్దు. ఈ వయసులో ఎందుకండీ ఆ బాధ... ఆఁ? ఆవిణ్ణే అడుగుతారా? అయ్యో, తప్పకుండా అడగండి!

విన్నారుగా అత్తయ్యా? గొంతుకి మానేద్దామా అంటున్నారు. కాదంటే తల అడ్డంగా ఊపమంటున్నారు.

ఊపండి మరి.

...ఊపలేదు చూడండి. పాపం, భయపడిపోయారు. తీసెయ్యండి డాక్టరమ్మా, మీకు పుణ్యముంటుంది.

సూదులన్నీ తీసేసి వెళ్ళిపోయింది. ఇప్పుడేం ఊపుతారు? తల కదిలితే కాలు పడిపోతుందన్నది డాక్టరమ్మ కాదు అత్తయ్యా. నేను అల్లింది. ఆవిడ అడిగి తీరుతుందని నాకు తెలుసు. మీకు మీ కాలంటే ఎంత తీపో కూడా తెలుసు.

వచ్చే వారం ఊపుదామనుకుంటున్నారా? ఊపండి. ఈమధ్య తల వణుకుతోందండీ అంటాను. దానికీ ఏదో సూది ఉండే ఉంటుంది.

ఏడవకండి, తుడుస్తా. చెయ్యి నా భుజం మీద వెయ్యండి, మెల్లిగా దించుతాను. స్నానం చేయిస్తాను, తల దువ్వుతాను, వేళకి మందులిస్తాను, ఏ లోటూ రానివ్వను. చూసినవాళ్ళంతా కోడలంటే ఈవిడే అంటారు.

అననివ్వండి. మీరేమైనా కాదంటారా?