ఎడమవైపు వంపు

వెన్నునొప్పికి చికిత్స చేసే గదిలో డాక్టరమ్మ, రిటైరైన లెక్కల మాస్టారిని నిలువుటద్దం ముందు నిలబెట్టింది.

"మాస్టారూ, ఎప్పుడూ ఎడమవైపుకే ఒంగుతున్నారేం? ఆ భుజానికి సంచీ మోసేవారా?"

"లేదమ్మా. మా ఆవిడ అటువైపు నడిచేది. నా భుజం దాకా కూడా వచ్చేది కాదు. పైగా గొంతు సన్నం. షికారుకెళ్లినప్పుడు తన మాట వినాలంటే నేను ఒంగాల్సిందే."

"ఇప్పుడో?"

"పోయి ఏడాదైంది. నాకు ఒంగడం మాత్రం పోలేదు."

డాక్టరమ్మ ఆయన వీపుకు అరచెయ్యి ఆనించి, భుజాలను నెమ్మదిగా వెనక్కి తెచ్చింది.

"ఇలా నిలబడితే నొప్పి తగ్గిందా?"

"తగ్గిందమ్మా. హాయిగా ఉంది."

"మరి మళ్లీ ఒంగిపోతున్నారేం?"

"ఇంత ఎత్తులో ఆవిడ మాట వినపడదమ్మా."