రెండు గ్లాసుల పాలు

ఎన్నిసార్లు చెప్పాలమ్మా, ఆ కవరు ఇప్పుడే చింపకని! కత్తెర కింద పెట్టు. ముందు నా మాట విను. ఆస్పత్రివాళ్ళకేం, ఉత్తరాలు అచ్చేసి నా మొహాన పడేశారు. ఇంటింటికీ తిరిగి ఇచ్చి రావాల్సింది ఈ నర్సమ్మేగా! అందరివీ ఇచ్చేసి మీ ఇల్లు ఆఖరికి పెట్టుకున్నాను. ఎందుకంటావా? చెప్తా, చెప్పడానికేగా వచ్చింది.

మిషను ఆపకు, కుట్టుకో. ఆ చప్పుడుంటేనే నాకు నోరొస్తుంది. అది మా చెల్లి కూతురి గౌనే కదూ? వచ్చేటప్పుడు తెమ్మంది. కొలతలైనా పంపలేదు పిచ్చిది, ఏడాది పిల్లని చెప్పి ఊరుకుందట. సరేలే.

నీకు ఐదో నెలలో మా గదికొచ్చి సంతకం పెట్టావు, గుర్తుందా? కడుపుతో ఉన్నవాళ్ళకి పొడి పొట్లాలిచ్చి చూసే పరీక్ష. సగంమందికి బతికున్న మంచి సూక్ష్మజీవుల పొడి, సగంమందికి ఉత్త పిండి. ఆ పొడి తింటే తల్లికీ బిడ్డకీ మేలవుతుందా, నెలలు నిండకుండా కాన్పులవడం తగ్గుతుందా అని. ఎవరికి ఏది పోతోందో డాక్టరమ్మకీ తెలియదు, నాకూ తెలియదు. తెలియకూడదు, అదే నియమం.

"అక్కా, నాది మంచిదేనా?" అన్నావు. "దేవుడికే తెలియాలి" అని నవ్వాను. అప్పుడు నాకు నిజంగానే తెలియదు తల్లీ, ఒట్టు.

మా చెల్లి కూడా అప్పుడే చేరింది. మీ ఇద్దరికీ నెలలు ఒకటే. దానికి అంతకుముందు ఇద్దరు పోయారు, ఇద్దరూ ఏడో నెలలోనే. రెండోవాణ్ణి నా చేతుల్తోనే గుడ్డలో చుట్టాను. ఎంతున్నాడనీ! మూడోసారి కూడా అలాగే అయితే అది బతకదని నాకు తెలుసు. అక్కని కదా, తెలియదూ?

బుద్ధి గడ్డి తింది. ఆస్పత్రి ఫ్రిజ్‌లో ఒక్కొక్కరి పేరున ఒక్కో పొట్లాల డబ్బా ఉంటుంది. దాని డబ్బాలోంచి ఒక పొట్లం, పక్క డబ్బాలోంచి ఒక పొట్లం చీరకొంగులో దాచి ఇంటికి తెచ్చాను. పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక రెండు గాజు గ్లాసుల్లో పోశాను. ఒక్కోదాంట్లో ఒక్కో పొడి కలిపి మూత పెట్టాను. బతికున్నదైతే పాలు తోడుకోవూ? పెద్ద చదువులవాళ్ళకి యంత్రాలు కావాలిగానీ, వంటింటి ఆడదానికి గ్లాసెడు పాలు చాలు.

పొద్దున్నే లేచి చూద్దును కదా, చెల్లి గ్లాసు ఒంచితే పాలు పాలలాగే జారిపోయాయి. రెండోది తిరగేసినా కదల్లేదు. గట్టిగా తోడుకుంది.

ఆ పక్క డబ్బా నీది.

అలా చూడకు. కుట్టు, కుట్టు, ఆపకు.

ఫ్రిజ్‌లో ఉన్న డబ్బాలకి చెమ్మ పడుతుందా, పేర్ల చీటీలు గోటితో లేపితే ఊడొస్తాయి. నీ చీటీ దాని డబ్బాకి, దాని చీటీ నీ డబ్బాకి. అంతే, రెండు నిమిషాల పని. ఒక్కసారని కాదు, నెలనెలా కొత్త డబ్బాలొచ్చినప్పుడల్లా మార్చాను. నీది చిన్న వయసు, తొలి కాన్పు, నీకేం కాదులే అనుకున్నా. అయినా మళ్ళీ కంటావులే అనుకున్నా. అవునమ్మా, అలాగే అనుకున్నా!

చెల్లికి నెలలు నిండాయి, ఆడపిల్ల గుండ్రాయిలా పుట్టింది. నీకు ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. నీ కొడుకు తొమ్మిది రోజులు ఆ గాజుపెట్టెలో కొట్టుకుని పోయాడు. "ఒక్కపూట కూడా పొట్లం మానలేదక్కా, మరెందుకిలా?" అని నువ్వు నన్నే అడిగావు. నన్నే!

ఆనాటినుంచీ పెరుగు ముట్టలేదు. ఎవరింట్లోనైనా తోడుకున్న గిన్నె కనబడితే చాలు, చెయ్యి దానంతటదే పోయి ఒంచి చూస్తుంది. చెల్లేమో పాపని తెచ్చి నా ఒళ్ళో పడేస్తుంది, "పెద్దమ్మ దగ్గరుండవే" అంటూ. అది నాలుగు పాలపళ్ళు బయటపెట్టి నవ్వుతుంది. నాకు గాజు అవతల మీవాడు కనబడతాడు.

ఊఁ, ఇప్పుడు చింపు. నీకిచ్చింది అసలు పొడేనని రాసుంది కదూ? అబద్ధం. నువ్వు తిన్నది ఉత్త పిండి. కింద ఇంకో ముక్కుంది, చదువు. రెండు వైపులా తేడా ఏమీ కనబడలేదట. ఆ పొడి తిన్నా ఒకటే, పిండి తిన్నా ఒకటేనట. డాక్టరమ్మ ఆ మాట చెప్పగానే అందరూ ఉసూరుమన్నారు. నేను మాత్రం తలుపేసుకుని ఏడ్చాను. బతికిపోయానురా భగవంతుడా అని.

ఆ సంబరం రెండు రోజులు కూడా లేదు. చీటీలు మార్చిననాడు నాకది తెలియదు కదమ్మా! ఆ పొట్లంలో ఒక బిడ్డ ప్రాణముందని నమ్మాను. నమ్మే, నీ దగ్గర్నుంచి తీసుకున్నాను.

రేపు డాక్టరమ్మకీ చెప్పేస్తా. ఉద్యోగం పోతే పోనీ. చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఏదీ, చెప్పాగా, పోలేదే! తిట్టు. ఆ కత్తెర విసురు. ఏదో ఒకటి అను తల్లీ.

అయ్యో, గౌను మడిచి నా చేతిలో పెడతావేంటి! కొలతలు లేకుండా ఎలా కుట్టావు? ఎవర్ని తలుచుకుని కత్తిరించావు?

వద్దులే, అడగను. ఇలా ఇవ్వు. పాపకి సరిపోతుంది. సరిగ్గా సరిపోతుంది, నాకు తెలుసు.