పదకొండు నిమిషాల పడవ

మళ్ళీ డ్రిల్లా? పోయినేడు చేసింది చాల్లేదా అప్పా మీకు? కూచో హేమంత్‌కుమారూ, ఆ స్టూలు లాక్కోని కూచో. కాగితాలు తర్వాత తీద్దువు. ఈసారి సివిల్ డిఫెన్సోళ్ళు నీకు కొత్త యూనిఫారం ఇచ్చినట్టుండారే.

ఏమంటివి? ఈ వీధిలో నంజమ్మకైతే అన్నీ తెలుసు, ఆమెను అడుగు అన్నారా పెద్దోళ్ళు? అవునప్పా, నాకు అన్నీ తెలుసు. అదే కదా వచ్చిన చావు.

పోయినేడు డ్రిల్లు పొద్దు ఎంత గలాటా, జ్ఞాపకం ఉండాదా? వీధి చివర మైదానంలో మిలిటరీ గుడారాలు ఒక పక్క, ఫైరింజన్లు ఒక పక్క, కార్పొరేషనోళ్ళ జీపులు ఇంకో పక్క. చెరువు కట్ట తెగి మా వీధి మునిగిపోయినట్టు ఆట. ఎవరింట్లో ఎవురుండారో రాసుకుంటా నువ్వే తిరిగినావు. మా ఇంటికాడ 'మంచాన పడిన ముసలామె' అని రాసుకుంటివి. మా అత్త కెంపమ్మకి తుంటి విరిగి రెండేండ్లాయె, ఆమె కొత్తగా నటించాల్సింది ఏముండాది?

సైరన్ కూసింది. నేనేం చేసినా? రోజూ నీళ్ళు పోసేదానికి బచ్చలింటికి ఎత్తుకొని పోతా కదా, అట్లే అత్తను చంకనేసుకొని బయటికొచ్చి నిలబడినా. అంతే, అందరూ ఒకటే నవ్వు. మిలిటరీ ఆయప్ప విజిలేసి ఆట నిలిపేసినాడు. నువ్వు ఉరికొచ్చినావు. "అక్కా, అట్ల ఎత్తితే ఎముకలు విరుగుతాయి, తిరిగి తీసకపోయి మంచం మీద పండబెట్టు" అంటివి.

లేదప్పా, తప్పు పట్టడంలా. నీకు వాళ్ళు చెప్పినారు, నాకు నువ్వు చెప్పినావు.

రెండోసారి బాగా చేసినా. అత్తను కదిలించకుండా కిటికీలో నుంచి ఎర్రగుడ్డ ఊపినా. నలుగురు జవాన్లు వచ్చినారు. నీళ్ళు లేవు కదా, పడవను చేతుల్తో మోసుకొని రోడ్డు మీద పరుగెత్తినారు. చెక్క మీద అత్తను పండబెట్టి, దాన్ని పడవలో పెట్టి, ఆ పడవను మళ్ళీ మోసుకొని పోయినారు. ముసలిది నవ్వలేక సచ్చింది. పెద్ద ఆఫీసరు గడియారం చూసి పదకొండు నిమిషాలు అంటే చప్పట్లు కొట్టినారు. నాకు శాలువా కప్పినారు. అప్పట్నుంచి వీధిలో ఎవురికి ఏం కావాల్సినా నేనే పెద్ద టీచరమ్మ.

నిజం వాన వచ్చిన పొద్దు సైరనూ లేదు, ఏమీ లేదు. మా ఆయన గోపాలప్ప ఐదింటికే అత్తిబెలె కంపెనీకి పోయినాడు. తొమ్మిదింటికి వీధి పక్కన పెద్ద మురుగుకాలువ, ఆ రాజకాలువ పొంగింది. చూస్తా ఉండంగానే మురుగునీళ్ళు గడప దాటి మంచం కాళ్ళకాడికొచ్చె. మీరిచ్చిన నంబరుకి ఫోను చేసినా. రాసుకున్నామమ్మా, వస్తారు అన్నారు. కిటికీలో ఎర్రగుడ్డ కట్టినా. ఏదీ మర్చిపోలేదప్పా, ఒక్కటి కూడా.

ఇప్పుడు చెప్పేది సరిగ్గా విను. ఇంతవరకూ ఎవురికీ చెప్పలేదు.

మునిరాజు వచ్చినాడు.

ఆ, ఎదురింటి మునిరాజే, నీళ్ళ ట్యాంకరు తోలేవాడు. పెండ్లాం బిడ్డల్ని పక్క మేడ మీదికి ఎక్కించి, తొడల్లోతు నీళ్ళలో మా ఇంటికొచ్చినాడు. భుజాన తాడు వేసుకొచ్చినాడు. "అక్కా, అవ్వను నా వీపుకి కట్టు" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? నువ్వు డ్రిల్లుకి రాలేదు, నీకేం తెలుసు అన్నా. ముట్టుకుంటే ఎముకలు విరుగుతాయి, పదకొండు నిమిషాల్లో పడవ వస్తాది, ఆ చివరింట్లో బాలింత ఉండాది, పోయి ఆమెను చూడు అన్నా. అట్ల చెప్తా ఉంటే నాకెంత గర్వంగా ఉండె అనుకున్నావు.

నీళ్ళు ఆగేటట్టు లేవక్కా అని ఇంకోసారి అడిగినాడు. కసిరినా. పోయినాడు. బాలింతనీ బిడ్డనీ మేడ ఎక్కించినాడు. మళ్ళీ వచ్చేలోపల కాలువ గోడ కూలింది, ఇంక వీధిలో నిలబడే మాటే లేదు.

"నంజా, ఎత్తుకోవే" అనింది మా అత్త. రెండు సార్లు అనింది. ఇరవై రెండేండ్లు కాపురం చేసినా ఆమెతో, తిట్టింది, కొట్టింది, కానీ ఏదీ అడిగి ఎరగదు. కదలొద్దత్తా, వస్తా ఉండారు అన్నా. పరుపు తడిసినాక ఎత్తుకున్నా. ఎత్తుకున్న కాసేపటికే నీళ్ళు నా రొమ్ముకాడికొచ్చె. ఒక చేత్తో కిటికీ కమ్మి పట్టుకున్నా, ఒక చేత్తో ఆమెను పట్టుకున్నా. ఎంతసేపని పట్టుకుంటారప్పా? పడవ మర్నాడు పొద్దున వచ్చింది. వాళ్ళనేమంటాము, ఊర్లో సగం మునిగితే ఎన్ని వీధులకని పోతారు?

ఆ పొద్దు సాయంత్రమే మా ఆయన ఈదుకుంటా వచ్చినాడు. తల్లి శవాన్ని చూసినాడు. ఫస్టు అడిగిన మాట, ఎదురుగా మునిరాజు ఉండాడు కదా, వాడు రాలేదా అని. నేను రాలేదు అన్నా.

ఒక్క మాటే. ఎందుకన్నావంటే ఏం చెప్పేది? వచ్చినాడు, నేనే పొమ్మన్నా అంటే ఆయన మొగం ఎట్ల చూసేది నేను?

ఆమీద వీధి ఊరుకుంటాదా? చిన్నదాన్ని కాపాడి పేరు తెచ్చుకున్నాడు, ముసలిదాన్ని వదిలేసినాడు అన్నారు. మా ఆయన అందరి ముందర వాని చొక్కా పట్టుకున్నాడు. మునిరాజు నా దిక్కు చూసినాడు, అంతే. నేను చెప్తాననుకున్నాడేమో. నేను కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తా ఉన్నా. నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేసి దేవనహళ్ళి పక్కకి పోయినాడు.

మొన్న ఆదివారం ఫోను చేసినాడు. "అక్కా, ఆ పొద్దు నేను మీ ఇంటికి వచ్చినా కదా? అందరూ రాలేదు రాలేదు అంటా ఉంటే నాకే అనుమానం వస్తా ఉండాది. నువ్వొక్క మాట చెప్పు, చాలు. నిద్ర పోతా" అన్నాడు.

పక్కనే మా ఆయన ముద్ద తింటా ఉండాడు.

నాకు గుర్తు లేదప్పా అన్నా.

ఏమట్ల చూస్తావు? నువ్వు పోయి చెప్తావా మునిరాజుకి? మా ఆయనకి చెప్తావా? చెప్పలేవులే. చెప్తే, ఎత్తుకొచ్చిన ముసలిదాన్ని తిరిగి మంచం మీద పండబెట్టమని నేర్పించింది ఎవురు అని అడుగుతారు. నీకూ ఉద్యోగం ఉండాది, ఇల్లుండాది. నేనూ ఇదే ఇంట్లో బతకాల్ల.

రాసుకో అప్పా నా పేరు. ఎన్ని గంటలకి రావాల్ల?